మనసు మారని వాదం: గ్రాంథిక వ్యావహారిక వివాదంలో పక్షాలు ఏర్పడిన తీరు

1919 ఫిబ్రవరి 28న రాజమహేంద్రవరంలో ‘వర్తమానాంధ్ర భాషా ప్రవర్తక సమాజం’ ఏర్పడింది. దాని వెనుక ఉన్న శక్తి గిడుగు వేంకట రామమూర్తి. అధ్యక్ష స్థానం స్వీకరించినవారు కందుకూరి వీరేశలింగం. మొదటి పేరులో వింత ఏమీ లేదు. రెండవ పేరు మాత్రం ఆగి ఆలోచించవలసినది. చిన్నయసూరి నీతిచంద్రికలో మిగిలిపోయిన సంధి, విగ్రహాలను అదే ఫక్కిలో రచించి, గద్యతిక్కన అని బిరుదు పొందిన రచయిత ఆయన. గ్రాంథిక గద్యానికి బతికున్న నిదర్శనంగా అప్పటికి నలభై ఏళ్లుగా గౌరవం అందుకుంటున్నారు. డెబ్బై ఏళ్ల వయసులో ఆయన ఎదుటి పక్షానికి అధ్యక్షుడయ్యారు. మూడు నెలలు తిరగకముందే, మే 27న, మద్రాసులో మరణించారు.

తెలుగు సాహిత్య చరిత్రలు ఈ ఘట్టాన్ని వ్యావహారికవాద విజయానికి తొలి సూచనగా ఒక వాక్యంలో చెప్పి ముందుకు సాగుతాయి. అయితే దీనిని విజయగాథగా కాక అపవాదంగా చూస్తే ప్రశ్న మారుతుంది. ఇరుపక్షాలలోనూ మహాపండితులు ఉన్నారు. ఇరువురి ముందూ అవే శాసనాలు, అవే కావ్యాలు, అవే వ్యాఖ్యానాలు ఉన్నాయి. పత్రికలలో, సభలలో వాదం సాగింది సాగినట్టే ఉంది. అయినా పేరున్న పెద్దలలో పక్షం మారినవారిని వేళ్ల మీద లెక్కించవచ్చు. ఇంత వాదం జరిగినా మనసులు ఎందుకు మారలేదు? మారిన ఒక్కరు ఎందుకు మారగలిగారు? ఈ వ్యాసం ఈ రెండు ప్రశ్నల చుట్టూ ఆ వివాదాన్ని పరిశీలిస్తుంది.

పక్షాలకు ముందు

వివాదం మొదలుకాక ముందు భాషను గురించిన అభిరుచులు ఇంత గట్టిగా రెండుగా చీలి లేవు. ఏ రచయితా ఒకే భాషారూపానికి జీవితమంతా కట్టుబడి ఉండవలసిన అగత్యం లేదు. పదహారవ శతాబ్దంలో పొన్నెగంటి తెలగనార్యుడు యయాతి చరిత్రను తత్సమాలు లేకుండా అచ్చతెనుగున రాసి, పటాన్‌చెరు ప్రాంతాన్ని ఏలిన కుతుబ్‌షాహీ అధికారి అమీన్‌ఖానుకు అంకితమిచ్చాడు. తొలి అచ్చతెలుగు కావ్యానికి కృతిభర్త ఒక ముస్లిం సర్దారు కావడం విచిత్రంగా కనిపించేది మనకే. ఆ కాలానికి అది ఒక కవి చేసిన ఒక ప్రయోగం, ఒక ప్రభువు చూపిన ఆదరణ. తత్సమభూయిష్ఠంగా రాసే కవులను తెలగనార్యుని పక్షం ఒకటి వెలివేసిందని ఎక్కడా కనిపించదు.

పంతొమ్మిదవ శతాబ్దం చివరిలోనూ ఈ కలగలుపు ఉంది. వీరేశలింగమే తన ప్రహసనాలలో పాత్రల చేత వాడుక మాటలు పలికించారు. వేదం వేంకటరాయశాస్త్రి 1897లో ప్రకటించిన ప్రతాపరుద్రీయంలో చాకలి పేరిగాని నోట వాడుక భాష పెట్టారు. పాత్రోచిత భాషను తప్పుపట్టినవారికి సమాధానంగా ‘గ్రామ్యభాషాప్రయోగ నిబంధనము’ రాశారు. అదే సంవత్సరం గురజాడ అప్పారావు కన్యాశుల్కం తొలి ముద్రణ వెలువడింది. ఆ దశలో వేదం, గురజాడల మధ్య ఉన్న దూరం కొలతకు అందేదే. నాటకంలో వాడుక భాష తగునని ఇద్దరూ అంగీకరించారు. ఎంత మేరకు, ఎవరి నోట, అన్నదే భేదం. పదిహేనేళ్లు గడిచేసరికి ఇదే వేదం ‘గ్రామ్యాదేశ నిరసనము’ రచయితగా ఎదుటి పక్షంలో నిలిచారు. ఆయన అభిప్రాయం తలకిందులైందని అనుకోనక్కరలేదు. నాటక పాత్రకు చెల్లే భాష శాస్త్ర వచనానికి చెల్లదని ఆయన మొదటి నుంచీ భావించి ఉండవచ్చు. మారినది ఆయన అభిప్రాయం కంటే ఆయన చుట్టూ ఉన్న ప్రశ్న. ‘ఎక్కడ, ఎంత’ అనే ప్రశ్న పోయి ‘ఏ పక్షం’ అనే ప్రశ్న వచ్చింది.

పరీక్ష పత్రం తెచ్చిన చీలిక

ఈ మార్పుకు సాహిత్య సభల కంటే విద్యాశాఖే ఎక్కువ కారణం. 1906లో ఉత్తర సర్కారులకు పాఠశాలల పరీక్షాధికారిగా వచ్చిన జె. ఎ. యేట్సు అనే ఆంగ్లేయునికి, బడిలో చెప్పే తెలుగుకూ బయట వినే తెలుగుకూ ఇంత తేడా ఎందుకనే సందేహం కలిగింది. ఆ సందేహం విశాఖపట్నంలోని ఎ.వి.ఎన్. కళాశాల అధ్యక్షుడు పి. టి. శ్రీనివాస అయ్యంగారు, గిడుగు, గురజాడల వద్దకు చేరింది. తరువాతి కొద్ది సంవత్సరాలలో స్కూలు ఫైనలు వ్యాసరచనను ఆధునిక భాషలో రాసే వీలు వచ్చింది. దీనికి ప్రతిగా పండితలోకం కదిలింది. జయంతి రామయ్య పంతులు పూనికతో 1911లో మద్రాసులో ఆంధ్ర సాహిత్య పరిషత్తు ఏర్పడింది. 1913లో ఇటు గిడుగు, అటు రామయ్య పంతులు తమ వాదాలను ఇంగ్లీషులో పుస్తకాలుగా ప్రకటించారు. తెలుగు ఎలా రాయాలన్న తగవును ఇరుపక్షాలూ ఇంగ్లీషులో విన్నవించుకోవలసి రావడం ఆ కాలపు అధికారం ఎక్కడుందో చెబుతుంది. 1914లో మద్రాసు విశ్వవిద్యాలయం నియమించిన సంఘంలో గ్రాంథికవాదులదే పైచేయి అయింది. గురజాడ తన అసమ్మతి పత్రాన్ని విడిగా సమర్పించారు. మరుసటి ఏడు నవంబరులో ఆయన కన్నుమూశారు. బడులకు దొరికిన వెసులుబాటు నిలవలేదు.

పరీక్షకు ఒక గుణం ఉంది. దిద్దే పండితుడు ‘వచ్చినాడు’ అన్న రూపానికి మార్కు ఇవ్వాలి, లేదా ఇవ్వకూడదు. ‘కొంతవరకు’ అనే సమాధానం దిద్దే కలానికి పనికిరాదు. అందువల్ల రచయితల మధ్య తరతమ భేదంగా ఉన్న విషయం పాలనలోకి దిగగానే అవును కాదులుగా విడిపోయింది. పాఠ్యపుస్తకం, పండిత పదవి, విద్యార్థి ఉత్తీర్ణత ఆ అవును కాదుల మీద ఆధారపడ్డాయి. మధ్యలో నిలబడే చోటు తగ్గిపోయింది.

ఇక్కడ ఒక మాట. సమాజం రెండు కొసలకు చీలడాన్ని నేడు ‘ధ్రువీకరణ’ అంటున్నారు. మండల కార్యాలయంలో ఇచ్చే ధ్రువీకరణ పత్రంలోని మాట కూడా అదే. ఈ కలయిక యాదృచ్ఛికమే కాని, 1914 తరువాతి పరిస్థితికి బాగా సరిపోతుంది. ప్రతి రచయితా తాను ఎవరివాడో రుజువు చూపవలసి వచ్చింది. అతడు వాడిన క్రియారూపమే ఆ పత్రం.

అవే శాసనాలు, వేరు వేరు చదువులు

గిడుగు వాదానికి బలం ఆధారాల సేకరణలో ఉంది. శాసనాలు, పాత వ్యాఖ్యానాల వచనం, స్థానిక చరిత్రలు, తంజావూరు మధుర రాజ్యాలలో పుట్టిన దక్షిణాంధ్ర గద్యం, వీటి నుంచి వందల ప్రయోగాలను ఎత్తి చూపారు. తెలుగు వచనం ఏనాడూ బాలవ్యాకరణ సూత్రాలకు లోబడి నడవలేదనీ, 1858లో వెలువడిన వ్యాకరణాన్ని అనాది నియమంగా భావించడం చరిత్రకు విరుద్ధమనీ ఆయన వాదం. ఈ కృషి ఫలితమే తరువాత గద్యచింతామణి అయింది.

రామయ్య పంతులు శాసనాలు చదవనివారు కారు. బెజవాడలోని యుద్ధమల్లుని పద్యశాసనాన్ని పరిష్కరించి ‘ఎపిగ్రాఫియా ఇండికా’లో ప్రకటించినవారు ఆయనే. తెలుగు శాసనాల సంపుటానికి సంపాదకత్వం వహించినవారూ ఆయనే. అంటే ప్రత్యర్థులిద్దరూ ఒకే రాళ్ల ముందు నిలబడ్డారు. శాసన వచనంలోని రూపం గిడుగుకు సజీవ భాషకు సాక్ష్యం. గ్రాంథిక పక్షానికి అది రాయసగాని అజాగ్రత్త, కావ్యభాషకు ప్రమాణం కానిది. ఏది ఆధారం, ఏది కాదు అనే నిర్ణయం ఆధారాన్ని చూడకముందే జరిగిపోయింది.

మనోవిజ్ఞానంలో ఈ ధోరణిని గురించి చాలా పరిశీలన జరిగింది. మనిషి బుద్ధి ఒక అభిప్రాయాన్ని స్వీకరించాక తక్కిన సమస్తాన్నీ దానికి మద్దతుగా లాగుకొంటుందని ఫ్రాన్సిస్ బేకన్ 1620లోనే చెప్పాడు. 1979లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో చార్లెస్ లార్డ్, లీ రాస్, మార్క్ లెప్పర్ అనే పరిశోధకులు మరణశిక్షను సమర్థించే విద్యార్థులకూ వ్యతిరేకించే విద్యార్థులకూ ఒకే జత నివేదికలు ఇచ్చారు. ఒక నివేదిక ఒక పక్షానికి, రెండవది రెండవ పక్షానికి అనుకూలం. ప్రతి పక్షమూ తనకు నచ్చిన నివేదికను పటిష్ఠమైనదిగా, నచ్చనిదానిని లోపభూయిష్ఠంగా భావించింది. చదవడం పూర్తయ్యేసరికి ఇరువర్గాలూ తమ తమ నమ్మకాలు మరింత బలపడ్డాయని చెప్పాయి. తెలివి తక్కువవారు మాత్రమే ఇలా చేస్తారనుకోవడం పొరపాటు. ఎదుటి ఆధారంలో లొసుగు పట్టుకోవడానికి పాండిత్యం కావాలి. పాండిత్యం ఎక్కువైన కొద్దీ లొసుగులు ఎక్కువ దొరుకుతాయి. గ్రాంథిక వ్యావహారిక వాదం అంత దీర్ఘంగా సాగడానికి ఇరువైపులా నిజమైన పండితులు ఉండడం కూడా ఒక కారణమని ఒప్పుకోవాలి.

మరొకటి శ్రమకు సంబంధించినది. అరసున్నలు, శకటరేఫాలు, ద్రుతప్రకృతికాలు, సరళాదేశ గసడదవాదేశాలు పట్టుబడడానికి ఏళ్లు కావాలి. ఆ ఏళ్లలో చాలా భాగం పేదరికంలో, గురువు ఇంట వారాలు చెప్పుకొని గడిపినవారు పండితులలో ఎందరో. అమెరికాలో ఇలియట్ ఆరన్‌సన్, జడ్సన్ మిల్స్ 1959లో ప్రకటించిన ఒక ప్రయోగం ప్రకారం, ప్రవేశానికి ఎంత కష్టం పడితే ఆ బృందం అంత విలువైనదిగా తోస్తుంది. పండితుడు శకటరేఫను వదులుకోవడమంటే ఒక అక్షరాన్ని వదులుకోవడం కాదు, తన యౌవనంలో కొంత భాగం వృథా అని ఒప్పుకోవడం. బడిలో పండితుల జీతం, హోదా ఇంగ్లీషు ఉపాధ్యాయులతో పోలిస్తే తక్కువగా ఉన్న రోజులలో వారికి మిగిలిన గౌరవం ఆ విద్యే. దానిని కృతకమని కొట్టివేసే వాదం ఎంత సత్యమైనా చెవికెక్కకపోవడంలో ఆశ్చర్యం లేదు.

గెలిచిన వాదం, మారని మనిషి

గిడుగు పద్ధతిలో ఒక ఇబ్బంది ఉంది. గ్రాంథికవాదులు తాము సమర్థించే నియమాలను తామే పాటించలేకపోతున్నారని ఆయన వారి పుస్తకాల నుంచే తప్పులు ఏరి చూపించారు. 1933లో వచ్చిన ‘ఆంధ్ర పండిత భిషక్కుల భాషా భేషజం’ పేరులోనే ఆ ఎత్తిపొడుపు ఉంది. తర్కంగా చూస్తే ఈ వాదానికి తిరుగులేదు. ఆజన్మాంతం సాధన చేసినవారికే పట్టుబడని భాషను పదేళ్ల పిల్లలకు విధించడం అన్యాయమని ఇంతకంటే బలంగా చెప్పడం కష్టం. 1925లో తణుకు సభలో గంటల తరబడి ప్రసంగించి సభికులను మెప్పించిన ఘనత ఆయనది. కానీ పదిమందిలో తప్పు పట్టబడిన పండితుడు తన సిద్ధాంతాన్ని పునఃపరిశీలించుకోడు. మరుసటి వారం పత్రికలో ఎదుటివాని తప్పులు వెదుకుతాడు. జరిగింది అదే. ఇటు ‘గ్రామ్యం’ అన్న నిందకు అటు ‘కృతకం’ అన్న నింద జవాబైంది. ఈ రెండు మాటలలో దేనిని ఒప్పుకొన్నా ఆత్మగౌరవంతో పక్షం మారే దారి మూసుకుపోతుంది.

పరిషత్తు 1924లో వ్యావహారికంపై నిషేధాన్ని తొలగించినా, రామయ్య పంతులు 1941లో మరణించేవరకు తన నమ్మకంతోనే ఉన్నారు. సూర్యరాయాంధ్ర నిఘంటు నిర్మాణంలో ఆయన పడిన శ్రమ, ఆ నమ్మకం ఎంత నిజాయితీ గలదో చూపుతుంది. వ్యావహారికం గెలిచింది నిజమే. ఎలా గెలిచింది? తాపీ ధర్మారావు జనవాణి పత్రికను వాడుక భాషలో నడిపారు. తరువాత నార్ల వేంకటేశ్వరరావు ఆంధ్రప్రభ దానిని వేల ఇళ్లకు చేర్చింది. కథ, నవల, సినిమా, రేడియో తోడయ్యాయి. గ్రాంథికవాదులు ఒప్పుకోలేదు. వారి తరువాతి తరం చదువరులు ఆ ప్రశ్ననే మరిచిపోయారు. గిడుగు సైతం 1940 జనవరిలో, మరణానికి వారం ముందు, చివరి విన్నపం చేసినది పండితులకు కాదు, పత్రికా సంపాదకులకు. మూడు దశాబ్దాల వాదం ఆయనకు నేర్పినది ఆ విన్నపంలో కనిపిస్తుంది.

వీరేశలింగం ఎందుకు మారగలిగారు

ఈ నేపథ్యంలో వీరేశలింగం మార్పుకు గిడుగు వాదబలం ఒక్కటే కారణమనడం చాలదు. ఆ వాదబలం తక్కినవారి ముందూ ఉంది. వీరేశలింగంలో తక్కినవారికి లేనివి కొన్ని ఉన్నాయి. మొదటిది, కులం, బంధువులు వెలివేస్తే ఏమవుతుందో ఆయనకు అనుభవం. 1881 డిసెంబరులో రాజమహేంద్రవరంలో తొలి వితంతు వివాహం జరిపించిన నాటికే ఆ భయం ఆయనకు తీరిపోయింది. ఒకసారి తనవారందరికీ దూరమై బతికి బయటపడిన మనిషికి పండితుల పరిహాసం పెద్దది కాదు. రెండవది, ఆయన గౌరవం ఒక్క భాషాపాండిత్యం మీద ఆధారపడి లేదు. సంఘసంస్కర్తగా, హితకారిణీ సమాజ స్థాపకుడిగా ఆయన స్థానం చెక్కుచెదరదు. గద్యతిక్కన అన్న బిరుదు పోయినా వీరేశలింగం వీరేశలింగమే. ఒకే స్తంభం మీద నిలిచిన ఇల్లు ఆ స్తంభాన్ని కదపనీయదు. ఆయన ఇంటికి స్తంభాలు అనేకం.

మూడవది ఆయన రచనలలోనే ఉంది. విగ్రహం నాటి బిగువు నుంచి రాజశేఖర చరిత్ర నాటి సారళ్యానికీ, అక్కడి నుంచి స్వీయచరిత్ర వచనానికీ ఆయన శైలి మెల్లగా దిగివస్తూనే ఉంది. 1919లో ఆయన వేసినది ఒక్క గంతు అని చెప్పడం కంటే, చేయి అంతకు ముందే నడిచిన దారిని నోరు ఆలస్యంగా ఒప్పుకొన్నదని చెప్పడం సమంజసం. సమాజం పేరు కూడా ఆయనకు అనుకూలించింది. అందులో ఉన్నది ‘వర్తమాన’ అనే మాట. గ్రామ్యానికి అధ్యక్షుడు కావడం ఆయనకు కష్టమయ్యేది. వర్తమానానికి కావడంలో పరువునష్టం లేదు.

ఓడినవారి ప్రశ్న

పక్షాలుగా చీలిపోవడం వల్ల కలిగిన నష్టాన్ని లెక్కించేటప్పుడు మారని మనసులను మాత్రమే చూడడం అలవాటు. దానికంటే పెద్ద నష్టం ఒకటి ఉంది. ఓడిన పక్షంతో పాటు అది అడిగిన మంచి ప్రశ్న కూడా అటకెక్కింది. గ్రాంథికవాదుల ఆక్షేపణలలో ఒకటి ఇది: వాడుక భాష అంటే ఏ ఊరి వాడుక? గంజాముదా, నెల్లూరుదా, రాయలసీమదా? గ్రాంథికం ఎవరి ఇంటి భాషా కాదు గనుక అందరికీ సమాన దూరంలో ఉంటుందనీ, ఒక ప్రాంతపు వాడుకను ప్రమాణం చేస్తే తక్కిన ప్రాంతాలు చిన్నబోతాయనీ వారు హెచ్చరించారు. ‘శిష్ట వ్యావహారికం’ అన్న సమాధానంతో వ్యావహారికవాదులు తృప్తిపడ్డారు. శిష్టులు ఎవరన్నది అడగవలసినంతగా అడగలేదు. ఎదుటి పక్షం అడిగిన ప్రశ్న కావడమే దానికి దోషమైంది.

ఆ వాదం సర్కారు జిల్లాలలో ఉధృతంగా ఉన్నప్పుడు తెలంగాణలో సమస్య వేరు. ఉర్దూ రాజభాషగా ఉన్న నిజాం రాజ్యంలో, 1921 నవంబరులో హైదరాబాదు వివేకవర్ధని ప్రాంగణపు సభలో ఆలంపల్లి వేంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గేలిచేసి కూర్చోబెట్టారు. ఆ అవమానం ఆంధ్ర జనసంఘానికి పుట్టుక అయింది. 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన తొలి ఆంధ్ర మహాసభ జరిగింది. తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా 354 మంది కవులతో గోలకొండ కవుల సంచిక 1934లో వెలువడింది. ఏ తెలుగు రాయాలి అన్న ప్రశ్నకు ముందు, తెలుగు ఉన్నదని నిరూపించుకోవలసిన స్థితి వారిది. అందువల్ల ‘శిష్ట వ్యావహారికం’ రూపం నిర్ణయమైన రోజులలో ఆ నిర్ణయంలో తెలంగాణకు చోటు దక్కలేదు.

1956 తరువాత బడిలో, పత్రికలో, సినిమాలో స్థిరపడిన ప్రమాణ భాష ప్రధానంగా మధ్య కోస్తా విద్యావంతులది. భద్రిరాజు కృష్ణమూర్తి మాండలిక పరిశోధనలో ఉత్తర మండలంగా గుర్తించిన తెలంగాణ పలుకు ఆ ప్రమాణానికి వెలుపల నిలిచింది. ఒకనాడు గ్రాంథికవాదులు విసిరిన ‘గ్రామ్యం’ అనే మాట, పేరు మార్చుకొని ‘యాస’గా ఇటు తిరిగింది. కాళోజీ నారాయణరావు రెండున్నర జిల్లాల భాష పెత్తనాన్ని ఎదిరించినప్పుడు ఆయన అడిగినది, తెలిసో తెలియకో, 1913 నాటి గ్రాంథికవాదుల ప్రశ్నే. ఎవరూ ఆ సంగతి గుర్తుచేసుకోలేదు. మాండలిక వాదులకు గిడుగు పూజ్యుడు, ఆయన ప్రత్యర్థులు ఛాందసులు. ఆ ఛాందసుల వద్ద తమకు పనికివచ్చే వాదం ఉంటుందని వెదకవలసిన అవసరం తోచలేదు.

2014 తరువాత తెలంగాణ ప్రభుత్వం కాళోజీ జన్మదినమైన సెప్టెంబరు 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా ప్రకటించింది. గిడుగు పుట్టిన ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరుగుతూనే ఉంది. రెండింటి మధ్య పదకొండు రోజులు. ఆ రెండు వేదికలపై చదివే ప్రసంగాలు ఒకదానినొకటి పలకరించుకోవడం అరుదు.

1960లలో రామచంద్రాపురంలో బి.హెచ్.ఇ.ఎల్., ఆ తరువాత పటాన్‌చెరు పారిశ్రామికవాడ వచ్చాక, తెలుగు మాట్లాడే అన్ని ప్రాంతాలవారూ అక్కడ ఇరుగుపొరుగులయ్యారు. తెలగనార్యుని కృతిపతి ఏలిన నేల మీద ఈనాడు శ్రీకాకుళం, గుంటూరు, కడప, మెదకు పలుకులు ఒకే బస్సులో వినిపిస్తాయి. కార్మిక కుటుంబాల నుంచి ఒడియా, హిందీ కూడా. ఆ వాడ అంచున ఉన్న వెలిమెల వంటి ఊళ్లలో పిల్లవాడు ఇంట ‘మా నాయిన కంపెనీకి పోయిండు’ అంటాడు, పాఠంలో ‘వెళ్ళాడు’ అని చదువుతాడు. జవాబు పత్రంలో ‘పోయిండు’ అని రాస్తే దాని కింద ఎర్రగీత పడేదీ లేనిదీ దిద్దే ఉపాధ్యాయుని అభిరుచిని బట్టే ఉంది.